మూడో పేరా

చల్లపల్లి,
12-8-2001

చి. జహీదాకు,

ఆశీస్సులు. నువ్వు పదో తరగతి పాసై ఈ ఊరు వదిలి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. పని పడితే తప్ప మాస్టారికి శిష్యులు గుర్తురారు అనుకుంటావు. నిజమే. పని పడింది.

ఫోను చేయవచ్చు. కానీ మా వీధిలో ఉన్న ఒక్క ఎస్టీడీ బూత్ బసవపున్నయ్యది. అతనూ నా శిష్యుడే. చదువు ఎక్కలేదు గానీ చెవులు బాగా ఎదిగాయి. అద్దం తలుపు వేసుకుని మాట్లాడి బయటికొచ్చినా, "మాస్టారూ, ఆవిడకి అట్టా ఎందుకైందంటారు?" అని అడుగుతాడు. అందుకే ఈ కవరు, దానికి దిట్టంగా జిగురు.

మా అమ్మాయి సింధూరి నీకు గుర్తుండాలి. నువ్వు పదిలో ఉన్నప్పుడు దానికి ఆరేళ్ళు. ఇప్పుడు విజయవాడ – అవనిగడ్డ బస్సులో కండక్టరు. డిగ్రీ చదివిన పిల్ల ఖాకీ వేసుకుంటుందా అని మా చుట్టాలంతా మూతి విరిచారు. వాళ్ళ పిల్లలు డిగ్రీ చదివి ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు, అది గౌరవం. అల్లుడు తిరుపతిరావు ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉద్యోగి. మే నెలాఖరులో మగపిల్లాడు పుట్టాడు, సాత్విక్ అని పేరు పెట్టారు. మా ఆవిడ మాణిక్యమ్మ పోయి నాలుగేళ్ళయింది కదా, పురుడు పోయడానికి మా అక్కయ్య వచ్చింది. కాన్పు కష్టమై పట్టకారు వేసి తీశారు.

అప్పట్నుంచీ దండెం మీద పిల్లాడి గుడ్డల పక్కన దాని చీరలు రోజుకి మూడూ నాలుగూ ఆరుతున్నాయి. దగ్గు వస్తే గదిలోకి వెళ్ళిపోతుంది. పిల్లాణ్ణి ఎత్తుకుని లేచేటప్పుడు ఒక్క క్షణం ఆగి గోడ వైపు తిరుగుతుంది. నేను అడగలేదు, అది చెప్పలేదు. లఘుశంక ఆగడం లేదని నేనే గ్రహించాను.

అక్టోబరు పదిహేనున డ్యూటీలో చేరాలి. మన రోడ్ల మీద రోజుకి ఎనిమిది గంటలు నిలబడి చేసే ఉద్యోగం. చేరలేకపోతే ఉద్యోగం పోతుంది. అది పోవాలనే దాని అత్తగారు ఎదురుచూస్తోంది. "మూడు నెల్లు నడికట్టు బిగిస్తే అన్నీ సర్దుకుంటయిరా, మేం కనలేదా" అంటూ మా అక్కయ్య రోజూ పాత చీర చించి దాని నడుముకి బిగిస్తోంది. నాకు నమ్మకం లేదు. ఏదైనా మాత్ర ఉంటే పేరు రాసి పంపు.

హనుమయ్య


విజయవాడ,
20-8-2001

పూజ్యులు మాస్టారికి,

నమస్కారాలు. కవరు మీద మీ అక్షరాలు చూడగానే తెలియకుండానే నిటారుగా కూర్చున్నాను. మా అబ్బా చూసి, నా కూతురు ఇంకా బడిపిల్లేనని నవ్వారు. టైలర్ ఇస్సాక్ సలాములు చెప్పాడని తన మాటగా రాయమన్నారు. మీకు చొక్కా కుట్టి చాలా ఏళ్ళయిందట, కొలతలు మాత్రం ఇంకా గుర్తున్నాయట.

దీనికి మాత్ర లేదు మాస్టారూ. కాన్పులో సాగి, చితికి, పట్టు వదిలిన కండరాలివి. మూత్రాన్ని, మలాన్ని ఆపేవీ, గర్భసంచిని కింది నుంచి ఎత్తి పట్టుకునేవీ అవే. కాలు విరిగి కట్టు విప్పాక నడక నేర్పినట్టే వీటికీ పని నేర్పాలి. మూడు నెలలు పడుతుంది, చాలామందికి తగ్గుతుంది. సింధూరిది నయమయ్యేదే. ముందు ఆ నడికట్టు మానిపించండి. పొట్ట బిగిస్తే బరువంతా కిందికే దిగుతుంది.

వారానికోసారి నా దగ్గరికి పంపండి. బెంజ్ సర్కిల్ దగ్గరే మా ఫిజియోథెరపీ క్లినిక్. బోర్డు మీద మోకాళ్ళు, నడుము, మెడ అని ఉంటుంది. ఈ బాధ ఉన్నవాళ్ళంతా మోకాళ్ళ నొప్పులని చెప్పే లోపలికి వస్తారు. తెర లాగాక అసలు సంగతి చెబుతారు.

ఈలోగా ఒక పని చేసిపెట్టండి. మద్రాసులో నేను ఈ పని నేర్చుకున్నప్పుడు ఇచ్చిన ఇంగ్లీషు కాగితం, రెండు పేజీలు, జతచేశాను. దాన్ని తెలుగు చేయండి. ముందు సింధూరికి పనికొస్తుంది. తర్వాత అచ్చువేయించి, వారం వారం రాలేని పల్లెటూరి వాళ్ళకి ఇస్తాను. ఒక్క ముక్క కూడా వదలకండి. మూడో పేరా మరీ ముఖ్యం. ఏ కండరమో, సరిగ్గా చేస్తున్నామో లేదో తెలుసుకునేది దానితోనే.

మీ శిష్యురాలు,
జహీదా


చల్లపల్లి,
2-9-2001

చి. జహీదాకు,

ఆశీస్సులు. అనువాదం పంపుతున్నాను. ఇరవై రోజుల పని పది రోజుల్లో చేశాను. ఆ ఇంగ్లీషు కాగితం రాసినవాడికి వైద్యం వచ్చునేమో గానీ మర్యాద రాదు. ఒంట్లో ప్రతి రంధ్రానికీ పేరు పెట్టి పిలవడమే శాస్త్రమనుకున్నాడు. మన ఆడవాళ్ళ చేతుల్లో పెట్టే కాగితం గనక అక్కడక్కడ సభ్యత కోసం సవరించాను. నేను హఠయోగ గ్రంథాలు కూడా క్షుణ్ణంగా చదివినవాణ్ణి. దేవుడు లేడు గానీ ఊపిరి ఉంది కదా. వాళ్ళు వంకర టింకరగా చెప్పిన దాన్ని మనవాళ్ళు ఏనాడో సూటిగా చెప్పారు.

కింద "అనువాదం: విద్వాన్ హనుమయ్య, విశ్రాంత ఆంధ్రోపాధ్యాయులు" అని వేయించు. ఈ జిల్లాలో తెలుగు తమ సొంతమనుకునే వాళ్ళు కొందరున్నారు. శాస్త్ర విషయాన్ని పామరులకి ఎలా చెప్పాలో చూసి నేర్చుకుంటారు.

సింధూరికి ఒక ప్రతి చక్కగా రాసిచ్చాను. శ్రద్ధగా చేస్తోంది. విజయవాడ రావడం కుదరదు. వారం వారం బాలింత ఎక్కడికెళుతోందని నలుగురూ అడుగుతారు. అల్లుడికి తెలిస్తే ఏమనుకుంటాడో. మగవాళ్ళ సంగతి నీకు తెలియదు. కాగితం ఉంది, చాలు. నడికట్టు మాటెత్తితే మా అక్కయ్య నా మీదికి లేచింది. డెబ్భై అయిదేళ్ళ మనిషితో వాదించలేను.

హనుమయ్య


విజయవాడ,
14-9-2001

మాస్టారికి,

నమస్కారాలు. అనువాదం అందిన రోజునే ప్రెస్సుకిచ్చాను. రెండు వందల ప్రతులు వచ్చాయి. మీ పేరు పెద్ద అక్షరాల్లో వేశారు. మీ రాతని నేను దిద్దేదాన్నా, కామా కూడా ముట్టుకోలేదు. దూరపు ఊళ్ళ వాళ్ళకి అప్పుడే పంచడం మొదలుపెట్టాను. సింధూరిని ఒక్కసారైనా పంపండి. కాగితం మనిషిని చూడలేదు కదా.

జహీదా


విజయవాడ,
22-10-2001

హనుమయ్య మాస్టారికి,

నిన్న తెరేసమ్మ అనే ఆవిడ వచ్చింది. దివిసీమలో ఒక లంక ఊరు, కూలిపని, ముగ్గురు పిల్లలు. ఆగస్టులో ఒకసారి చూశాను. వారం వారం రాలేనంటే, సెప్టెంబరులో మీ కాగితం అచ్చవగానే పంపాను. పెద్దకూతురు చదివి వినిపించిందట. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"రోజుకి మూడుసార్లు, ఒక్కనాడు తప్పలేదమ్మా. గాలి బిగబట్టి, పొట్ట బిగబట్టి, కిందికి ఒకటే ముక్కుడు. మా ఆయన ఏందే ఆ మూలుగుడు, మళ్ళీ కంటన్నావా అని ఎగతాళి. ఇంతకుముందు దగ్గితేనే పడేది. ఇప్పుడు నడిచినా పడతంది. ఏదో జారి తొడల మధ్యకి వచ్చినట్టుంటంది. ఇంకా గట్టిగా చెయ్యాలా అమ్మా?"

పరీక్ష చేశాను. ఆగస్టులో నిలిచి ఉన్న గర్భసంచి కిందికి దిగింది. ఆవిడ వెళ్ళాక మీ కాగితం తీసి, ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టుకుని మొదటిసారి చదివాను. మూడో పేరా లేదు. దాని చోట మీరు రాసింది ఇది: "ప్రాణవాయువును కుంభించి, ఉదరమును దృఢముగా బంధించి, శక్తిని అధోభాగమునకు ప్రసరింపజేయవలెను."

మాస్టారూ, చేయకూడనివి మూడే మూడు. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట బిగించకూడదు, కిందికి ముక్కకూడదు. మీరు ఆ మూడూ చేయమన్నారు. గోనెసంచి అడుగు పిగిలింది, కుట్టమంటే, పైనుంచి తొక్కమన్నట్టయింది.

తప్పు నాది కూడా. మీ రాతని సరిచూడడం అవిధేయత అనిపించింది. మీ ముందు పలక పట్టుకు నిలబడ్డ పిల్లలా ప్రవర్తించాను, వైద్యం చేసే మనిషిలా కాదు. నలభై మూడు ప్రతులు పంచాను. వాళ్ళ పేర్లు, ఊళ్ళు రాసి ఉన్నాయి. ఒక్కొక్కరికే కబురు పంపుతున్నాను.

సింధూరి ఎలా ఉంది? పదిహేనో తారీఖు దాటిపోయింది. మీరు ఒక్క ముక్క రాయలేదు.

జహీదా


చల్లపల్లి,
27-10-2001

డాక్టరమ్మ జహీదా గారికి,

రెండు వందల ప్రతులు చదవకుండా అచ్చువేయించిన వారు నాకు తప్పులు చూపించడం ముచ్చటగా ఉంది. నేను మీకు అక్షరాలు నేర్పాను, చదవడం నేర్పలేకపోయానని ఇప్పుడు తెలిసింది.

ఆ పేరాలో ఏముందో నాకు తెలుసు. నలుగురిలో గాలి రాకుండా ఎలా బిగబడతామో ఉంది. అద్దం పెట్టుకుని ఎక్కడ చూసుకోవాలో ఉంది. వేలితో ఎలా పరీక్షించుకోవాలో ఉంది. తల్లి లేని పిల్లకి తండ్రి తన చేత్తో ఇవి రాసివ్వాలా? మీ కాలేజీల్లో సిగ్గుని కోసి పారేయడం మొదటి సంవత్సరమే నేర్పుతారు కాబోలు. నేను ఆ కాలేజీలో చదవలేదు.

నా భార్య మాణిక్యమ్మ నాలుగు కాన్పులు మోసింది. ముగ్గురు దక్కలేదు. ఆవిడకి ఏ కాగితమూ అక్కర్లేకపోయింది, ఏ అద్దమూ అక్కర్లేకపోయింది. పెళ్ళికి రాదు, పేరంటానికి పోదు, ఇల్లే లోకంగా బతికింది. ఇంటికి ఎవరొచ్చినా నిలబడే మాట్లాడేది. ఏనాడూ ఒక బాధ నోటి వెంట రాలేదు. అలాంటి మనుషులు కూడా ఉండేవారని మీకు తెలియాలి.

సింధూరి సంగతి అడిగారు. పదిహేనున డ్యూటీకి వెళ్ళింది. ఉయ్యూరు దాటాక గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు వేశాడట. పామర్రులో బస్సు ఆగగానే టికెట్ల ట్రే, సంచీ డ్రైవరు చేతిలో పెట్టి, "నాకు బాగోలేదన్నా, డిపోకి నువ్వే చెప్పు" అని దిగిపోయిందట. వెనక బస్సులో ఒక మూల నిలబడి ఇంటికి వచ్చింది. బట్టలు నాకు కనపడకుండా గోడ వారగా నడిచింది. డిపోలో ఫిబ్రవరి నెలాఖరు దాకా జీతం లేని సెలవిచ్చారు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఇచ్చేది లేదన్నారు.

మర్నాడు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "నాన్నా, ఇందులో ఏమన్నా వదిలేశారా? ఇట్టా చేస్తుంటే ఎక్కువవుతోంది" అంది. లేదన్నాను. ఈ ముక్క నీకు ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

హనుమయ్య


విజయవాడ,
3-11-2001

హనుమయ్య గారికి,

మాస్టారు అని రాయబోయి ఆగాను. మీ భార్యకి ఏ కాగితమూ అక్కర్లేకపోయింది అని రాశారు. ఆ వాక్యం మీ చేత రాయించిన పాపంలో నాకూ భాగం ఉంది కనుక ఇది చెబుతున్నాను.

1993 జూలైలో మాణిక్యమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. అప్పుడు నాది గవర్నర్‌పేటలో చిన్న గది. మోకాళ్ళ నొప్పులన్నారు. తెర లాగాక కూడా చాలాసేపు మోకాళ్ళ గురించే మాట్లాడారు. సింధూరి పుట్టినప్పట్నుంచీ, పంతొమ్మిదేళ్ళుగా, గర్భసంచి సగం జారి ఉంది. పాత చీర గుడ్డ ఉండ చుట్టి లోపల పెట్టుకుని, పైన గోచీలా బిగించుకుని ఇంటిపని చేస్తున్నారు. పెళ్ళిళ్ళకి ఎందుకు రారో తెలుసా? పంక్తిలో కూర్చుని లేస్తే చాప తడుస్తుందని. ఎవరొచ్చినా నిలబడే ఎందుకు మాట్లాడతారో కూడా ఇప్పుడు మీకు చెప్పనక్కర్లేదు.

పన్నెండు వారాలు రావాలి, తర్వాత అవసరమైతే ఆపరేషను చేయిద్దాం అన్నాను. "మాస్టారితో ఏం చెప్పి రాను తల్లీ?" అన్నారు. ఉన్నమాట చెప్పండి అన్నాను. "ఆయనతోనా?" అని నా మొహం చూశారు, వెర్రిదాన్ని చూసినట్టు. అప్పుడు నేనే ఒక సలహా ఇచ్చాను. శుక్రవారాలు కొండమీద కనకదుర్గమ్మకి మొక్కు ఉందని చెప్పండి, ఆడవాళ్ళ మొక్కుకి ఎవరూ అడ్డురారు అని. మీ ఇంట్లో దేవుడి పటం కూడా ఉండదని నాకు తెలుసు. ఆ క్షణాన తట్టలేదు. మా వీధిలో ఏ ఆడమనిషి ఇల్లు కదలాలన్నా దర్గా పేరో గుడి పేరో చెప్పాల్సిందే కదా.

రెండు శుక్రవారాలు వచ్చారు. మూడో వారం రాలేదు. అబ్బా చల్లపల్లి వచ్చినప్పుడు ఆయనతో కబురు పంపారు: "ఆయన ఒప్పుకోలేదని జహీదాకి చెప్పు. ఏమీ అనుకోవద్దను." ఆ నెలలోనే మీ వ్యాసం పత్రికలో వచ్చింది. మొక్కుల పేరుతో వారం వారం బస్సెక్కే ఆడవాళ్ళ మూఢత్వం గురించి. అబ్బా నాకు చదివి వినిపించి, మాస్టారి కలానికి పదునెక్కువ అన్నారు. నేను ఊరుకున్నాను. మీకు చెప్పనని ఆవిడ నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఎనిమిదేళ్ళు నిలబెట్టుకున్నాను.

ఇప్పుడు సింధూరి. మీరు లేదన్న మాట కారణంగా అది ఈరోజు కూడా ఊపిరి బిగబట్టి ముక్కుతూ ఉండి ఉంటుంది. ఇంకో నెల అలా చేస్తే మాణిక్యమ్మ గారి దారే. ఈ ఉత్తరం దానికి ఇవ్వండి. మీరు ఇవ్వకపోతే నేనే బస్సెక్కి వచ్చి మీ వాకిట్లో నిలబడి చదువుతాను.

జహీదా


చల్లపల్లి,
19-11-2001

అమ్మా జహీదా,

నీ ఉత్తరం మూడు రోజులు నా జేబులో ఉంది. నాలుగో రోజు పొద్దున ఇచ్చాను. నీ ఉత్తరాలన్నీ ఇచ్చాను. పెరట్లో మా అక్కయ్య పిల్లాడికి నీళ్ళు పోస్తోంది. సింధూరి అరుగు మీద కూర్చుని చదివింది.

"ఎవరిదే ఆ ఉత్తరం, మీ అత్తగారిదా?" అని అక్కయ్య పెరట్లోంచి కేకేసింది. సింధూరి పేజీ తిప్పింది. మొత్తం చదివి, మొదటి నుంచి మళ్ళీ చదివింది.

"లేదన్నారుగా నాన్నా."

"అన్నాను."

"అమ్మది కూడా ఇంతేనన్నమాట."

"నాకు తెలియదమ్మా."

"తెలియనిచ్చారా?"

అక్కయ్య పిల్లాణ్ణి తుడుచుకుంటూ వచ్చి, "ఏమైందే?" అంది. "ఏం కాలేదత్తా. మా నాన్న చదువుకున్నాడు" అంది సింధూరి. లోపలికి వెళ్ళి నడికట్టు విప్పి, చుట్టచుట్టి, నా రాతబల్ల మీద కాగితాల పైన పెట్టింది. పదకొండు గంటల బస్సుకి పిల్లాణ్ణి తీసుకుని బయల్దేరింది. సంచీ పట్టుకోబోతే, "వద్దు, బరువెత్తకూడదని మీరు రాసిచ్చిన కాగితంలో ఉంది. అదొక్కటీ సరిగ్గానే రాశారు. అత్తని పట్టుకోనివ్వండి" అంది. మా అక్కయ్య ఏడుస్తూ బస్టాండు దాకా మోసుకెళ్ళింది. నీ దగ్గరికి చేరిందని బసవపున్నయ్య బూత్‌కి వచ్చిన నీ ఫోను వల్ల తెలిసింది. అతను మొదటిసారి నన్ను ఏమీ అడగలేదు.

ఇల్లు ఖాళీ అయ్యాక వ్యాసాల ఫైలు తీశాను. నువ్వు చెప్పిన వ్యాసం ఉంది. మంచి వ్యాసమే. ఒక్క వాక్యం తేడాగా లేదు. మా ఆవిడ తప్ప అందులో అన్నీ ఉన్నాయి. అది అచ్చయిన రోజు ఆవిడకే చదివి వినిపించాను. చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. "బాగుందండీ" అంది. నలభై ఏళ్ళలో నా రాతల గురించి నాకు దక్కిన మెప్పు చాలావరకు అలాంటిదే అయి ఉంటుంది. ఈ జిల్లాలో నా మీద ఈర్ష్యపడే పండితులని తిట్టుకుంటూ బతికాను. వాళ్ళలో ఒక్కడికి కూడా నన్ను ఇంత బాగా దెబ్బతీయడం చేతకాలేదు.

ఆడవాళ్ళు బయటికి రావాలని నలభై ఏళ్ళు సభల్లో చెప్పాను. మా ఇంట్లోంచి బయటికొచ్చిన ఒక్క ఆడమనిషిని, వచ్చిన కారణం నచ్చలేదని, గుమ్మంలోంచి వెనక్కి పంపాను. అసలు కారణం చెప్పే వీలు నా దగ్గర ఉందా అని ఆలోచించలేదు.

ఇకపోతే మూడో పేరా. కింద రాశాను. ఈసారి అచ్చుకిచ్చే ముందు చదువు, దిద్దు.

"నలుగురిలో ఉన్నప్పుడు పిత్తు రాకుండా ఎలా బిగబడతామో అలా బిగించండి. ఉచ్చ దారి, కాన్పు దారి, వెనక దారి మూడింటినీ కలిపి లోపలికి, పైకి లాగినట్టు ఉండాలి. ఐదు లెక్కపెట్టేదాకా పట్టుకుని, పూర్తిగా వదిలేయండి. అంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. పొట్ట, పిర్రలు, తొడలు బిగించకండి. ముక్కకండి. అనుమానంగా ఉంటే చిన్న అద్దం పెట్టి చూసుకోండి. లోపలికి పోతే సరి. కిందికి ఉబికితే తప్పు, వెంటనే ఆపి మా దగ్గరికి రండి."

ఒక్కో మాట రాయడానికి ఒక్కో గంట పడుతుందనుకున్నాను. మొత్తం పావుగంటలో అయిపోయింది. అది మరీ బాధగా ఉంది.

నా పేరు తీసేయి. ఆ నలభై మూడు ఊళ్ళ పట్టీ పంపు. పాత కాగితాలు నేనే వెళ్ళి తీసుకొస్తాను. కబుర్లు పంపితే చాలదు. కబురు చెప్పేవాళ్ళు కూడా నాలాగే సభ్యత కోసం సవరిస్తారు.

హనుమయ్య


విజయవాడ,
20-2-2002

మాస్టారికి,

నమస్కారాలు. నలభై మూడులో మీరు ముప్పై ఎనిమిది తెచ్చారు. మిగతా ఐదుగురు ఊళ్ళు మారారు. వెతుకుతున్నాను. తెరేసమ్మ వచ్చినప్పుడు మీ సంగతి చెప్పింది. "పెద్దాయన ఎండలో మా వాకిట్లో నిలబడి గొంతు సవరించుకుని, అమ్మా, నేను తప్పు రాశాను, అట్టా ముక్కమాక అన్నాడు. మా ఆయన ఎవడ్రా నువ్వు అని కర్ర తీశాడు. కొట్టినా సరే, ముందు కాగితం ఇవ్వు అన్నాడు." ఆవిడకి ఇక కసరత్తుతో పోదు మాస్టారూ, ఆపరేషను చేయించాలి. పెద్ద డాక్టరు వచ్చే నెల రమ్మన్నారు. ఆ మాట మీకు చెప్పకుండా ఉండలేను.

తిరుపతిరావు గారి గురించి మీరు భయపడ్డారు కదా. నవంబరులో సింధూరి చెప్పినప్పుడు ఆయన, "ఇదా? నేనేదో నామీద కోపమనుకుంటన్నా, అక్కడే ఉండిపోయావని" అన్నాడట. సెలవు రోజున ఇబ్రహీంపట్నం నుంచి ఆయనే స్కూటరు మీద తీసుకొచ్చి, బయట బల్ల మీద పిల్లాణ్ణి ఆడిస్తూ కూర్చునేవాడు. ఉద్యోగం మానమని ఆయనెప్పుడూ అనలేదట. అది వాళ్ళమ్మ మాటే.

మీరు ప్రతి ఉత్తరంలోనూ సింధూరి ఎలా ఉందని అడుగుతున్నారు. ఇప్పటిదాకా దాటవేశాను. ఇక దాటవేయను. అది నన్ను ఒకటి కోరింది: "నా ఒంటి సంగతి ఇంక మా నాన్నకి రాయొద్దు మేడం. ఆయన నా గురించి ఉత్తరాలు రాయడం, మీరు జవాబివ్వడం, ఇందులో నేనెక్కడున్నాను?" నిజమే. మనిద్దరం ఆ పిల్ల శరీరం గురించి ఆరు నెలలు చర్చించాం, దాన్ని అడగకుండా. కనుక రాయను. తగ్గిందా లేదా అన్నది రాయను. డ్యూటీలో చేరుతుందా లేదా అన్నది కూడా రాయను. అదీ ఆ సంగతే కదా.

జహీదా


చల్లపల్లి,
14-3-2002

అమ్మా జహీదా,

నువ్వు రాయనన్నావు, మంచిపని చేశావు. నేను అడగను. కానీ బస్సులు అందరివీ. చూసింది రాస్తున్నాను.

మార్చి ఒకటి నుంచి రోజూ పొద్దున్నే బస్టాండులో నిలబడ్డాను. అవనిగడ్డ నుంచి వచ్చే ప్రతి బస్సులోకీ తొంగి చూశాను. బసవపున్నయ్య దారిన పోతూ, "మాస్టారూ, ఎవరన్నా వస్తన్నారా?" అన్నాడు. "బస్సు" అన్నాను. తొమ్మిది రోజులూ మగ కండక్టర్లే. సెలవు నెలాఖరుతో అయిపోయింది కనుక, ఇక లేదనుకున్నాను. పదో రోజు ఎనిమిదింటి బస్సు మెట్టు మీద నిలబడి, "మొవ్వ, పామర్రు, ఉయ్యూరు, బెజవాడ" అని అరుస్తూ వచ్చింది.

ఎక్కాను. నా దగ్గరికి వచ్చింది. మొహం చూసే అడిగింది.

"ఎక్కడికండీ?"

"బెజవాడ."

టికెట్టు చించి చేతిలో పెట్టి, "లోపలికి జరగండి, లోపలికి" అని అందరితో పాటు నాకూ చెప్పింది. పామర్రు దాటేసరికి కాలు పెట్టే చోటు లేదు. కండక్టరు సీట్లో ఒక చూలాలిని కూర్చోబెట్టి తను నిలబడింది. ఉయ్యూరులో ఎక్కిన ఒక ముసలామె, "ఏం కండక్టరమ్మా, అంత దూరం నించి చెయ్యెత్తుకొస్తంటే ఆపవేం?" అని దబాయించింది. "చెయ్యి నీది, బ్రేకు డ్రైవరన్నది పిన్నీ. మధ్యలో నాదేముంది" అంది. అందరూ నవ్వారు, అదీ నవ్వింది. కంకిపాడు దగ్గర లారీ అడ్డొచ్చి బస్సు కీచుమని ఆగింది. నేను ముందు సీటు మీద పడ్డాను. అది కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుని, "చూసుకో అన్నా" అని డ్రైవరుతో అని, చించుతున్న టికెట్టు చించి ఇచ్చింది. చూడకూడదు అనుకుంటూనే దాని బట్టల వైపు చూశాను. పొడిగా ఉన్నాయి. చల్లపల్లి నుంచి బెజవాడ దాకా ఒక్కసారి కూర్చోలేదు. ఎక్కడా దిగి పరుగెత్తలేదు.

బస్టాండులో అందరూ దిగాక నేను దిగాను. అది డ్రైవరుతో టీ తాగుతోంది. కొంచెం దూరంలో నిలబడ్డాను. రమ్మంటుందనుకోలేదు, పొమ్మనలేదు కదా అనుకున్నాను. గ్లాసు పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి నిలబడుతున్నారు బస్టాండులో?"

"పది రోజులు."

"చూశారుగా."

"చూశాను."

"ఇంక నిలబడమాకండి." సంచీ భుజానికి సర్దుకుంది. "పిల్లాడికి రెండు పళ్ళొచ్చినయి. ఉగాది దాటాక తీసుకొచ్చి అత్తకి చూపిస్తాను."

అత్తకి అంది. నేను తల ఊపాను. తిరుగు ప్రయాణానికి దాని బస్సు వైపు అడుగు వేశాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నాది. మీరు ముందరున్న బస్సు ఎక్కండి. అదీ అవనిగడ్డే."

ముందరి బస్సే ఎక్కాను. సీటు దొరకలేదు. చల్లపల్లి దాకా నిలబడే వచ్చాను.

దీనికి జవాబు రాయనక్కర్లేదు. తెరేసమ్మ ఆపరేషను తేదీ మాత్రం తెలిపితే, ఆ రోజుకి వస్తాను.

హనుమయ్య